గొంతు మీద చెయ్యి

నా గొంతు నాకు తిరిగొచ్చింది! ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చివరిదాకా మిమ్మల్ని భయపెట్టి కూర్చోబెట్టడం నాకు చేతకాదు. వచ్చింది పాత గొంతు కాదు, అది వేరే సంగతి, ఈ రాతంతా దాని గురించే. మీలో ఎవరికైనా గొంతు బొంగురుపోయి నెల దాటినా తగ్గకపోతే, బెల్లం ముక్క నోట్లో వేసుకుని కూర్చోకండి. లేచి ఆసుపత్రికి పోండి. నేను చెయ్యదలచుకున్న హెచ్చరిక ఇంతే. మిగతాదంతా సంతోషంగా చెప్పుకునేదే.

నా పేరు రంగమ్మ. కోయంబత్తూరులో ఒక నూలు మిల్లులో వైండింగు సెక్షనులో పని. వయసు యాభై దాటింది. తాతముత్తాతల కాలం నుంచీ మాది ఈ ఊరే. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బడిలో చదివింది కూడా తమిళమే. మా చుట్టాల్లో ఏ పెళ్ళి జరిగినా నలుగు పాట మాత్రం నాది. పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ ఎదురెదురుగా పీటల మీద కూర్చోబెట్టి, ఒకరికొకరు పసుపూ సున్నిపిండీ రాసుకుంటుంటే, రెండు వైపుల ఆడవాళ్ళూ పాటల్లో ఒకరినొకరు ఏడిపించుకుంటారు చూడండి, అదీ నలుగు. అందులో నన్ను మించినవాళ్ళు లేరని నేనే చెప్పుకుంటే బాగుండదు. కానీ ఎవరూ చెప్పకపోతే నేనే చెప్పుకోవాలి కదా! మా మేనత్త దగ్గర నేర్చుకున్న పాటలవి. ఇప్పుడవి మొదటినుంచి చివరిదాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

వైండింగు అంటే చిన్న బాబిన్ల మీది నూలును పెద్ద కోన్ల మీదికి చుట్టే పని. దారం తెగితే ముడి వేయాలి, అంతే. కానీ ఆ మిషన్ల మోత! పక్క మనిషి చెవిలో అరిచినా వినపడదు. అందుకే మాకు రెండు రకాల మాటలు. ఒకటి అరుపు. రెండోది పెదవి మాట. గొంతు కదలదు, ఊపిరి బయటికి రాదు, పెదవులు మాత్రం కదులుతాయి, ఎదుటి మిషను దగ్గరున్న మనిషి చూసి చదువుకుంటుంది. నా ఎదుటి మిషను మరియమ్మది. వాళ్ళదీ తెలుగు ఇల్లే, మిల్లు లైను ఇళ్ళలో మా వెనక వరస. మేమిద్దరం పెదవులతో తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళం. మా మేస్త్రికి తమిళ పెదవులు చదవడం వచ్చుగానీ తెలుగు పెదవులు చదవడం రాదు. ఆయన మీసాల గురించి మేం చెప్పుకున్నవి ఆయనకు తెలిసి ఉంటే మా ఇద్దరి ఉద్యోగాలూ ఎప్పుడో పోయేవి.

ఆడి

ఇక్కడ మా నెలల లెక్కంతా తమిళానిదే, ఆడి అంటే ఆషాఢం; ఆ ఆడి నెల గాలి మొదలైంది. నా గొంతు అప్పటికే బొంగురుగా ఉంది. మా ఇళ్ళలో అది జబ్బు లెక్కలోకి రాదు. మిల్లు గొంతు అంటాం. దూది ధూళిని మేం పంజు అంటాం, ఆ పంజు గొంతులో పట్టిందని సాయంత్రం సంగు, అంటే మిల్లు సైరను, మోగి గేటు దాటగానే అందరం ఒక బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటాం. బెల్లంతో పంజు దిగిపోతుందని నమ్మకం. పాట మధ్యలో పంజు అడ్డుపడినా అంతే, గొంతు మీద చెయ్యి పెట్టుకుని ‘హ్హుం’ అని ఒకసారి సవరించుకుని సాగిపోయేదాన్ని.

మా ఆయన గోవిందస్వామి అదే మిల్లులో దూది విప్పే సెక్షనులో పనిచేస్తాడు. చెవులు సగం పోయాయి. నా గొంతు తగ్గిన సంగతి ఆయనకు చాలా రోజులు తెలియనే లేదు.

“ఏమే, ఈ నడుమ నన్ను తిట్టేదే మానేసిండావు?” అన్నాడొక రోజు సంతోషంగా.

“తిడుతూనే ఉండాను. నీకే వినపడలే!” అన్నాను. అది కూడా ఆయనకు వినపడలేదు.

మరియమ్మ మాత్రం ఊరుకోలేదు. “అక్కా, ఇది పంజు కాదు. నాకూ పంజు ఉండాది, నా గొంతు ఇట్ల లేదే. పెద్దాసుపత్రికి పోదాం రా” అంది మిషను అవతల నుంచి. నేను మీసం మెలేసినట్టు వేళ్ళు తిప్పాను. అంటే మేస్త్రి వస్తున్నాడు, నోరు మూసుకో అని. మేస్త్రి ఎక్కడా లేడు. దానికి తెలుసు.

ఆవణి

మా తమ్ముడి కూతురు పద్మకు తిరుమంగళం సంబంధం కుదిరింది. మదురై పక్క వాళ్ళు. వాళ్ళదీ మనలాంటి తెలుగే, కానీ సాగదీసి మాట్లాడతారు. నిశ్చయానికి వ్యానులో వచ్చారు. పెళ్ళికొడుకు మేనత్త చెల్లమ్మ అని ఒకావిడ, మంచి పుష్టిగల మనిషి, తాంబూలం పుచ్చుకోగానే ఎవరూ అడగకుండానే పాట అందుకుంది. ఏం గొంతమ్మా అది! వీధిలో పోయేవాళ్ళు ఆగిపోయారు. కోయంబత్తూరు ఆడవాళ్ళకు నడుము వంచడం రాదని ఏడిపిస్తూ పాడింది. మా వైపు వాళ్ళందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు.

నేను నోరు తెరిచాను. రెండు మాటలు వచ్చాయి. పైకి ఎత్తుకోవాల్సిన చోట ఏమీ రాలేదు. చెల్లమ్మకు పాపం తెలియదు. “ఏం వదినా, మీ పక్క పాటే లేదా?” అంది నవ్వుతూ. మళ్ళీ ఎత్తుకున్నాను. ఈసారి తలుపు కిర్రుమన్నట్టు ఒక చప్పుడు వచ్చింది. పిల్లలు నవ్వారు. మా తమ్ముడు తల వంచుకుని తమలపాకులు సర్దడం మొదలుపెట్టాడు.

అంత సిగ్గు నా జన్మలో పడలేదు. ఇంటికొచ్చి దొడ్లో కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపుకు కూడా శబ్దం లేదు! అప్పుడు భయం వేసింది. నా గొంతు పోతే పోయింది, అందులో ఉన్న పాటలన్నీ ఏమవుతాయి? మేనత్త దగ్గర నుంచి నాకొచ్చాయి, నా దగ్గర నుంచి ఎవరికీ పోలేదు. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో పద్మ పెళ్ళి. నలుగులో ఆ తిరుమంగళం వాళ్ళ ముందు మా వాళ్ళు నోరు మూసుకుని కూర్చోవాలా? మర్నాడు పొద్దున్నే నేనే మరియమ్మ తలుపు తట్టాను.

పురటాసి

పెద్దాసుపత్రి వరండాలో బెంచీలు. పొద్దున సంగు వేళకు పోతే మధ్యాహ్నం సంగు వేళకు పేరు పిలుస్తారు. మరియమ్మ షిఫ్టు మానుకుని నాతో వచ్చింది. చోటు లేక తను అటు గోడ దగ్గర, నేను ఇటు గోడ దగ్గర కూర్చున్నాం. అయితే ఏం? మాకు దూరం ఒక లెక్కా! వరండాకు అడ్డంగా పెదవులతో గంటల తరబడి మాట్లాడుకున్నాం.

“వీళ్ళందరూ మనల్ని చూసి పిచ్చోళ్ళు అనుకుంటుండారు అక్కా.”

“అనుకోనీ. ఆ మూల కూర్చునుండే ఆయన మీసం చూసినావా? మన మేస్త్రికి అన్న మాదిరి ఉండాడు.”

మరియమ్మ పకపకా నవ్వింది. నర్సు వచ్చి కసిరింది. నా పక్కన పల్లడం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, ఎవరో ఏమో, నాకు మాట రాదనుకుని జాలిపడి నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. నా పేరు పిలిచేదాకా వదల్లేదు. లోపలికి పోతుంటే నా కొంగులో రెండు కమలాకాయ తొనలు పెట్టింది. ఆమె ముఖం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

డాక్టరమ్మ చిన్న అద్దాన్ని దీపం మీద వెచ్చజేసి నా గొంతులోకి పెట్టింది. వాంతి వచ్చినంత పనైంది. లోపల పెసరగింజంత గడ్డ ఉందట. తీసెయ్యాలట, తీసి పరీక్షకు పంపాలట. ఎందుకు పరీక్ష అని మేం అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ మాట మా ఇంట్లో కూడా ఎవరూ పైకి అనలేదు. అందరూ దాని చుట్టూ తిరిగారు.

గడ్డ తీశారు. ఆ మత్తూ ఆ నొప్పీ చెప్పుకోవడానికి నాకు సరదా లేదు. ఫలితం కోసం ఎదురుచూసిన రోజులు మాత్రం చెప్పాలి. మా అబ్బాయి నటరాజు పంపులు చేసే ఫ్యాక్టరీలో ఉన్నాడు. వాడు తండ్రి మీద విరుచుకుపడ్డాడు.

“ఆడి నెల్లోనే ఆర్.ఎస్. పురం డాక్టరుకు చూపిస్తామంటే విన్నావా నాయనా? బెల్లం, బెల్లం అని కూర్చున్నావు! చూడు ఇప్పుడు!”

ఎప్పుడూ ఇల్లెగిరేలా అరిచే మా ఆయన అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉండిపోయాడు. నాకు కొడుకు మీదా కోపం వచ్చింది, మొగుడి మీదా కోపం వచ్చింది. తిట్టడానికి గొంతు లేదు. మర్నాడు మా ఆయన వంటింట్లో బెల్లం డబ్బా తీసుకుని బయటికి పోయాడు. కాసేపటికి ఖాళీ డబ్బాతో వచ్చాడు. పాలవాడి ఆవుకు పెట్టేశాడట. ఆ ఆవు మూడు రోజులు మా గుమ్మం వదిలిపెడితే ఒట్టు!

ఆ రోజుల్లో నాకు చావంటే భయం వేసిందా అంటే, వేసింది. దాచేదేముంది? వంట చేస్తుంటే వేసింది, నీళ్ళు పోసుకుంటుంటే వేసింది. మరియమ్మ వాళ్ళ గుడిలో నా కోసం కొవ్వొత్తి వెలిగించింది. మా వదిన మారియమ్మన్ కోవెలలో ఉప్పు పోసి మొక్కుకుంది. ఎవరి వల్ల పనైందో నాకు తెలియదు, ఇద్దరికీ దండం పెట్టుకున్నాను.

ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ కాగితం చూసి తలెత్తి, “ఒణ్ణుం ఇల్లేమ్మా” అంది. ఏమీ లేదట! మామూలు గడ్డేనట! నేను కేక పెట్టబోయాను. ఆమె లేచి గభాలున తన అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టింది. దీపావళి దాకా ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుస కూడా కూడదు, గుసగుస ఇంకా చెడ్డది అని చెప్పింది. నా తరఫున మరియమ్మ అడిగింది, ఆ తర్వాత పాట వస్తుందా అని.

డాక్టరమ్మ కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. “మాట వస్తుంది. పాటకు నేను మాటివ్వలేను” అంది.

అంతలో నా పెదవులు కదలడం చూసి ఆమెకు కోపం వచ్చింది. మరియమ్మ సర్దిచెప్పబోయింది, అది మాట కాదు, మిల్లు పెదవి మాట, అందులో ఊపిరి ఉండదు అని. డాక్టరమ్మ తన అద్దం నా నోటి ముందు పెట్టి మాట్లాడమంది. నేను ఆసుపత్రి కాఫీ ఎంత నీళ్ళగా ఉందో వివరంగా చెప్పాను. అద్దం మీద ఆవిరి మరక కూడా లేదు. ఆమె నవ్వేసింది. “సరి, ఇలాగైతే ఎంతైనా మాట్లాడుకో” అంది. తలుపు దాకా వచ్చి, మీసం మెలేసే సైగకు అర్థమేమిటని మరియమ్మను అడిగి తెలుసుకుంది కూడా. మరుసటి వారం ఆమె తన పెద్ద డాక్టరు వస్తుంటే నర్సుకు ఆ సైగ చెయ్యడం నా కళ్ళతో చూశాను!

ఐప్పసి

నేను నోరు మూసుకున్నానని తెలిసి లైను ఇళ్ళన్నీ చూడ్డానికొచ్చాయి. నిజంగా! ఏదో వింత చూసినట్టు గుమ్మంలో నిలబడి, “రంగక్క మాట్లాడలేదంట కదా, ఒక్క మాటైనా?” అని అడిగేవాళ్ళు. ఎవరినైనా పిలవాలంటే చప్పట్లు కొట్టేదాన్ని. ఒకసారి కొడితే మా ఆయన, రెండుసార్లైతే కోడలు విజయ, ఆగకుండా కొడితే పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు.

“అత్తకు మౌనవ్రతం, కోడలికి పండగ!” అని మరియమ్మ ఎగతాళి చేసింది.

విజయది ఒట్టన్‌చత్రం. తండ్రికి కూరగాయల మండీ. వేలంపాట అరుపుల మధ్య పెరిగిన పిల్లకు అంత చిన్న గొంతెలా వచ్చిందో మాకెవరికీ అర్థం కాలేదు. మా ఇంట్లో అరిస్తేనే మాట కింద లెక్క. అందువల్ల ఆ పిల్ల మాట్లాడదనే మేమంతా అనుకునేవాళ్ళం. నేను అరవడం ఆగిన తర్వాత తెలిసింది, ఆ పిల్ల పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉంటుందని! పిల్లితో మాట్లాడుతుంది, పప్పుతో మాట్లాడుతుంది. తిరగలితో పోట్లాడుతుంది. నేను వెనక గదిలో పడుకుని అన్నీ వింటూ, నోరు మూసుకుని పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని.

ఒక రోజు పిండి రుబ్బుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. నేను చెవి రిక్కించాను. నా నలుగు పాట! మాటలు సగం తప్పు, కానీ బాణీ! నేను పైకెత్తే చోట ఎత్తుతోంది, దించే చోట దించుతోంది. పెళ్ళిళ్ళలో నా వెనక కూర్చుని వినింది కాబోలు. నాకు ఒంట్లో కరెంటు పాకినట్టైంది. చప్పట్లు కొట్టుకుంటూ వంటింట్లోకి పరుగెత్తాను. ఏదో మాడుతోందనుకుని విజయ పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

ఆ సాయంత్రం మరియమ్మను పిలిపించాను. సంగతి చెప్పించాను.

“నేనా? వద్దత్తా! నా గొంతు నాకే వినపడదు. తిరుమంగళం వాళ్ళ ముందర నేనా?” అని ఆ పిల్ల గోడకు అతుక్కుపోయింది.

“నువ్వు కాకుంటే నేను పాడాల. నేను పాడితే పెళ్ళికొడుకు పీట ఎత్తుకుని తిరుమంగళం పరుగెత్తుతాడు. అది నీకు సమ్మతమా?” అంది మరియమ్మ. దాని గొంతు నిజంగానే అంత ఘోరం. విజయ నవ్వేసింది. అక్కడ దొరికిపోయింది.

ఎలా నేర్పానో చెప్పాలి, ఎందుకంటే అది నా జీవితంలో చేసిన పనులన్నింట్లో నాకు నచ్చిన పని. నేను పెదవులతో వరుస చెప్తాను. మరియమ్మ చదివి తన కాకి గొంతుతో పైకి అంటుంది. విజయ పాడుతుంది. అక్షరం ఎంత సాగాలో నేను నోరు అంతసేపు తెరిచి ఉంచుతాను. బాణీ పైకి పోవాలంటే, మిషను మీద కొత్త బాబిను పెట్టమని మేం చేసే సైగ చేస్తాను. దించాలంటే నిండిన కోను దింపమనే సైగ. ఆగాలంటే ముడి వేసినట్టు వేళ్ళు కలుపుతాను. తాళం రేకు డబ్బా మీద. అదే, బెల్లం డబ్బా. పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే మేం ముగ్గురం చేతులు తిప్పుకుంటూ ఉంటే, ఒకసారి మా ఆయన గుమ్మంలో నిలబడి చూసి, చెప్పులు వేసుకుని మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు.

పాడేటప్పుడు నాకు తెలియని విషయాలు ఎన్ని బయటపడ్డాయో! ఏ మాట దగ్గర ఊపిరి తీసుకుంటాను? నాకే తెలియదు. ఎందుకు అక్కడ సాగదీస్తాను? తెలియదు. గొంతు ఉన్నన్నాళ్ళూ ఆ పాట నాలోంచి దానంతటదే పోయేది. ఇప్పుడు ఒక్కొక్క ముక్కా పట్టుకుని చూసి ఇవ్వాల్సి వచ్చింది. రాత్రి పడుకుంటే మర్నాడు ఏ వరుస చెప్పాలో అనే ఆలోచన. పొద్దున లేస్తే ఒళ్ళంతా హుషారు. జబ్బు మనిషినని మర్చిపోయాను!

నేనూ ఊరికే లేను. మరియమ్మ వాళ్ళ నాయన ప్రార్థన కోసం ఇంట్లో పిల్లలందరికీ తెలుగు అక్షరాలు నేర్పాడట. మరియమ్మ పలక తెచ్చి నాకు మొదలుపెట్టింది. యాభై దాటిన మొద్దు వేళ్ళతో ‘అ’ తిప్పడానికి నేను పడిన పాట్లు ఆ పలకకే తెలియాలి. మూడు ఇడ్లీలు నొప్పి లేకుండా మింగిన రోజునే నా పేరు నేను తెలుగులో రాసుకున్నాను. రెండింటిలో ఏది గొప్పో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను. ఇదిగో, ఇదంతా ఆ అక్షరాలతోనే రాస్తున్నాను.

దీపావళికి ముందు ఒక మధ్యాహ్నం మరియమ్మ లేదు. చారు రుచి చూసి, అలవాటుగా పెదవులతో గొణుక్కున్నాను, ఉప్పెక్కువైందని.

“ఉప్పు నేను వేయలేదత్తా. మరియమ్మక్క వేసింది” అంది విజయ.

నేను గరిటె కింద పడేశాను. చదివింది! నా పెదవులు తనంతట తానే చదివింది! రెండు చేతులూ పట్టుకుని ఆ పిల్లను వంటింట్లో గిరగిరా తిప్పాను. “అత్తా, చారు, చారు!” అని అరిచింది. అవును, అరిచింది. మా ఆయనకు కూడా వినపడింది.

కార్తీకం

డాక్టరమ్మ ఇక మాట్లాడమంది. ఇంటికొచ్చి మొదటి మాట మా ఆయనకే ఇద్దామని ఆయన వెనక నిలబడి, “ఏమయ్యా” అన్నాను. ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, నన్ను దాటి గుమ్మం వైపు చూశాడు, ఎవడో మగవాడు వచ్చాడని. నాది అంత లావు గొంతైపోయింది!

నవ్వాం, అందరం నవ్వాం. తర్వాత నేనొక్కదాన్నే వెనక గదిలోకి పోయి తలుపేసుకుని పాట ఎత్తుకున్నాను. కింద వరుసలు వచ్చాయి. పైకి ఎత్తే చోట గొంతు గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోయింది. మళ్ళీ ఎత్తాను. మళ్ళీ ఆగింది. డాక్టరమ్మను తర్వాత అడిగితే ఇక ఇంతేనమ్మా అంది. ఆ రోజు నేను చాలా ఏడ్చాను. ప్రాణం దక్కిందిగా, ఇంకెందుకు ఏడుపు అని మీరనుకోవచ్చు. మా వదినా అదే అంది. ఆ గొంతుతో నేను ఎంతమంది పిల్లల్ని అత్తారిళ్ళకు పంపానో ఆమెకేం తెలుసు? చిన్నప్పటి నుంచి నాతో ఉన్న మనిషి చెప్పకుండా పోయినట్టనిపించింది. 

విజయ తలుపు తోసుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఓదార్చలేదు. పాట ఎత్తుకుంది, మామూలు కంటే బాగా కిందినుంచి.

“ఇంత కింద అయితే నీకు అందుతుందా అత్తా? నువ్వు కింది వరుస పట్టుకో. పైది నేను చూసుకుంటా.”

అందింది. కొంచెం అందింది.

తై

పద్మ పెళ్ళి. నలుగుకు పీటలు వేశారు. ఇటు మా వాళ్ళు, అటు తిరుమంగళం వాళ్ళు. చెల్లమ్మ నన్ను చూసి ఆప్యాయంగా చేతులు పట్టుకుంది. “గొంతు బాగుండాదా వదినా? నాకు తెలియక ఆ పొద్దు ఏమో అనేసినా. మనసులో పెట్టుకోవద్దు” అంది.

“పెట్టుకునుండాను. ఇప్పుడు తీర్చుకుంటా” అన్నాను నా మగ గొంతుతో. ఆమె అదిరిపడి, వెంటనే నవ్వింది.

మొదట వాళ్ళు పాడారు. పద్మ వంట గురించి, మా ఊరి నీళ్ళ గురించి, మా మిల్లు సంగు గురించి. పందిరంతా నవ్వులు. తర్వాత మా వంతు. విజయ లేచి నిలబడింది. నోరు తెరిచింది, శబ్దం రాలేదు. ఆవణిలో నాకు జరిగిందే మళ్ళీ జరుగుతోందనుకున్నాను. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను మొదటి వరుస పెదవులతో చెప్పాను. కొత్త బాబిను పెట్టమని చెయ్యి పైకెత్తాను.

విజయ ఎత్తుకుంది.

*పసుపు నూరి తెచ్చినాము, పీట మీద కూసోవయ్యా,*
*మదుర నుంచి వచ్చినావు, మాట లేక కూసోవయ్యా,*

అబ్బ! ఆ గొంతు! చిన్నదేననుకున్నాను కదా, చిన్నదే. కానీ జనం వినాలని నోళ్ళు మూసుకున్నారు. నా పాటకు ఎప్పుడూ ఎవరూ నోళ్ళు మూసుకోలేదు, నేనే వాళ్ళ మీద అరిచేదాన్ని. మొదటిసారి నేను నా పాటను బయట కూర్చుని వింటున్నాను. ఇంత బాగుంటుందా ఇది? మేనత్త బతికి ఉండగా విన్నాను, ఆ తర్వాత ఇప్పుడే!

*మా పిల్ల చెయ్యి మెత్తన, నీ చెంప మాత్రము...*

ఇక్కడ విజయ ఆగింది. కుడిచెయ్యి మెల్లగా ఎత్తి గొంతు మీద పెట్టుకుంది. పెళ్ళికొడుకు ముఖంలోకి చూస్తూ, “హ్హుం” అని సవరించింది. తర్వాత,

*...చింతబెరడు!*

పందిరి బద్దలైంది. పెళ్ళికొడుకు సిగ్గుతో చెంప తడుముకున్నాడు. తిరుమంగళం వాళ్ళు కూడా పడిపడి నవ్వారు. నేను మాత్రం నోరు తెరుచుకుని ఉండిపోయాను. నా పంజు! మూడో వరుసలో నాకు అడ్డుపడే పంజు! వంటింట్లో నేర్పినప్పుడు నాకు తెలియకుండానే చెయ్యి గొంతు మీద పెట్టానన్నమాట, మరియమ్మ దాన్ని కూడా చదివి ‘హ్హుం’ అని చెప్పిందన్నమాట, ఈ పిల్ల దాన్ని పాట అనుకుని నేర్చుకుందన్నమాట, వంటింట్లో ఆ ‘హ్హుం’ వింటే నేను పొయ్యి పొగకనుకున్నాను! మరియమ్మ వైపు చూశాను. అది కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. దానికి మొదటినుంచీ తెలుసు.

చెల్లమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. “వదినా, ఆ గొంతు మీద చెయ్యి పెట్టుకునేది ఏమి? మా పక్క ఈ పాటలో అది లేదే. ఎంత బాగుండాది! మీ పెద్దోళ్ళు పెట్టిందా?”

నాకు నవ్వు వచ్చింది. ఆసుపత్రి తర్వాత మొదటిసారి పెద్దగా, ఆ లావు గొంతుతో, పందిరి అవతలికి వినపడేలా నవ్వాను. మా ఆయన ఆ మూల నుంచి తల తిప్పి చూశాడు. ఆయనకు వినపడింది. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

విజయ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. ఈసారి మా వైపు పిల్లలూ పెద్దలూ అందరూ కలిశారు. కింది వరుస నేను పట్టుకున్నాను. మూడో వరుస వచ్చింది. అందరి చేతులూ గొంతుల మీదికి లేచాయి. అటు చెల్లమ్మ చెయ్యి కూడా లేచింది. నా గొంతులో ఇప్పుడు పంజు లేదు, గడ్డా లేదు. అయినా అందరితో పాటు నేనూ చెయ్యి పెట్టుకుని ‘హ్హుం’ అన్నాను.